పంటిగాట్లు

నా బల్ల మీద జిగురు, గాజుగుడ్డ,
మొండి కత్తెర, తడిస్తే బిగుసుకునే ఒక సొరుగు.
కిటికీ అవతల చిలోయే దీవి వాన.
ఇక్కడ వాన కురవదు,
కాపురముంటుంది.

కెమ్చి ఊరి గ్రంథాలయంలో
చిరిగిన పుస్తకాలకు కట్లు కట్టడం నా పని.
పెద్దవాళ్ళ పుస్తకాలు మర్యాదగా జబ్బుపడతాయి:
వెన్ను సడలుతుంది, అంచు పసుపెక్కుతుంది, అంతే.
పసిపిల్లల అరలోంచి వచ్చేవాటిని చూడాలి,
ఒక్కటీ ఒంటి మీద సోయితో రాదు.

ఈ బాతుల అట్టపుస్తకాన్నే తీసుకోండి.
కుడి మూల లేదు. ఎవరో తినేశారు.
మిగిలినచోట నాలుగు గుంటలు, పైన రెండు, కింద రెండు;
అంటే తొమ్మిదో నెల నడుస్తూ ఉండాలి.
మూడో పేజీకి బంగాళాదుంప ముద్ద ఎండి కరుచుకుంది.
ఐదో పేజీలో కట్టెపొయ్యి మసి,
ఒక బొటనవేలు,
పెద్దది, కాస్త వంకరది,
బాతు మెడ మీద ఆగింది.
చాలాసేపే ఆగినట్టుంది.

కార్డు తీసి చూశాను.
నోల్ఫా చిగ్వాయ్, అరవై మూడేళ్ళు. మనవరాలు ఐలిన్.
సంతకం ఉండాల్సిన చోట
అదే బొటనవేలు, ఊదారంగు సిరాలో.

మంగళవారం ఆమే వచ్చింది.
కూతురు సాల్మన్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగి నిద్రపోతోందట.
పిల్లను ఉన్ని శాలువాలో మూటగట్టుకుని
గుమ్మంలోనే నిలబడి అడిగింది:
"కొరికేసింది. ఎంతివ్వాలి?"
గుప్పిట్లో నాణేలు, ఇంట్లోనే లెక్కపెట్టి తెచ్చినవి.

మా ఓర్ఫెలీనా జరిమానాల పుస్తకం తెరిచింది.
వేలితో కిందిదాకా వెతికినట్టు నటించింది.
"కొరకడానికి రేటు లేదండీ," అంది,
"ఈ వయసుకి చదవడమంటే అదే.
లోపలికి రండి, పిల్లకి ఓ పేజీ చెప్పండి."

"కళ్ళద్దాలు మరిచిపోయాను," అంది నోల్ఫా.

ఈ మాట మాకు కొత్త కాదు.
ఈ దీవిలో ఎన్ని కళ్ళద్దాలో
ఇలాగే ఏళ్ళ తరబడి
ఇంటి దగ్గర మరచిపోబడి ఉన్నాయి.

ఓర్ఫెలీనా రెట్టించలేదు. చాప మీద కూర్చుని
బొమ్మ చూపించి అడిగింది: "ఇదేంటి?"
నోల్ఫా వంగి చూసింది.
"బాతంటారా దీన్ని? కాదు. క్వెత్రు.
దీనికి ఎగరడం రాదు.
రెక్కల్తో నీళ్ళను బాదుకుంటూ పరిగెడుతుంది,
పడవ దొంగిలించి పారిపోయేవాడిలా.
మా నాన్న ఓసారి దాని వెంటపడి..."

అచ్చులో ఉన్నది మూడే మాటలు.
ఆమె చెప్పింది అరగంట.
నాన్న నీళ్ళలో పడ్డాడు, తెడ్డు పోయింది,
క్వెత్రు వెనక్కి తిరిగి చూసి నవ్వింది.
పక్క తల్లులు జరిగి జరిగి దగ్గరికొచ్చారు.
ఐలిన్ కొరకడం మానేసి
అమ్మమ్మ నోట్లోకి చూస్తోంది,
కథ ఏ పంటి వెనక నుంచి వస్తుందో కనిపెట్టాలన్నట్టు.

తర్వాత శీతాకాలం. ఆ పుస్తకం
వెళ్తూ వస్తూ ఉంది. నోల్ఫా దాన్నే అడిగేది.
నేను మూల అతికాను, గాజుగుడ్డ వేశాను.
గాట్లు మాత్రం పూడ్చలేదు;
ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

నిన్న మళ్ళీ నా బల్ల మీదికి వచ్చింది, వెన్ను విరిగి.
ఐదో పేజీ తెరిచాను.
బాతు మెడ మీది మసి పాతబడి వెలిసింది.
కొత్త మరక కిందికి దిగింది,
అచ్చు మాటల దగ్గరికి.
మొదటి అక్షరం కింద ఒకటి.
రెండో దాని కింద ఒకటి, కాస్త పలచగా.
మూడో దాని దగ్గర తడబడి, వెనక్కొచ్చి, మళ్ళీ ఒకటి.
అదే వేలు. అదే వంకర.
ఇన్నేళ్ళూ కాగితాల అడుగున ఒకేచోట ముద్ర పడ్డ వేలు
నడుస్తోంది.

రబ్బరు చేతిలో పట్టుకుని
వాన వింటూ కూర్చున్నాను.

"అయ్యిందా?" అని కేకేసింది ఓర్ఫెలీనా,
"ఆ బాతుల పుస్తకం కోసం ఇంకొకరు కాచుకునున్నారు.
వాడికింకా పళ్ళు రాలేదట."